గంట ముందు లేస్తే ఐదు రూపాయలు!

ఖమ్మం జిల్లా ఏన్కూరుకు రైలు లేదు. అయినా ఆ ఊరి పిల్లలు కొందరు రోజూ రైలెక్కే ఆఫీసుకు వెళ్తారు... హైదరాబాద్‌లో! 'రద్దీ వేళ వద్దు, కాస్త ముందే రండి, చార్జీ తగ్గిస్తాం' అని మెట్రో పిలిస్తే వాళ్లలో వెళ్లిందెవరు? వెళ్లలేకపోయిందెవరు? ఆ లెక్క తేల్చాలంటే మెట్రో స్టేషన్‌లోనే కాదు, ఏన్కూరు మిరప చేలల్లోనూ కాసేపు తిరగాలి.

రాత్రి తొమ్మిది దాటింది. ఏన్కూరు సెంటర్లో దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. టీ కొట్టు ముందున్న బల్ల మీద ఓ తండ్రీ కూతురూ కూర్చున్నారు. కాళ్ల దగ్గర రెండు సంచులు. ఒకదాన్లో అరిసెలు, సకినాలు, గోంగూర పచ్చడి సీసా. రెండోదాన్లో ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్. సంక్రాంతి సెలవులు అయిపోయాయి. భద్రాచలం నుంచి కొత్తగూడెం, జూలూరుపాడు మీదుగా వచ్చే హైదరాబాద్ బస్సు కోసం ఎదురుచూపు.

''సీటు దొరికిందా అమ్మా?''

''దొరికింది నాన్నా. పండగ స్పెషల్ కదా, చార్జీ ఒకటిన్నర రెట్లు.''

తండ్రి తలూపాడు. ''అందరం ఒక్కసారే బయల్దేరితే అంతేగా మరి.''

పెద్ద చదువులు చదివిన ఇంజినీర్లు 'ప్రయాణ గిరాకీ నిర్వహణ' అని పెద్ద పేరు పెట్టుకున్న విషయాన్ని ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. అందరూ ఒక్కసారే కదిలితే ఏ బండీ చాలదు. బండ్లు పెంచాలి, లేదంటే మనుషుల్ని అటో ఇటో జరపాలి. బండ్లు పెంచడానికి కోట్లు కావాలి. మనుషుల్ని జరపడానికి..? అక్కడే ఉంది అసలు కథ.

రైలు రాని ఊరు

అటు ఖమ్మం మైదానం, ఇటు భద్రాచలం అడవి. రెండింటి మధ్య గడపలాంటి ఊరు ఏన్కూరు. తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే రోడ్డు మీద మండల కేంద్రం. చుట్టూ మిరప, పత్తి చేలు. వాటి వెనక తండాలు, గూడేలు. గార్లఒడ్డు లక్ష్మీనరసింహస్వామి గుడికి వెళ్లే భక్తులు దిగేదీ ఇటువైపే. జనవరి నుంచి కల్లాల్లో ఎండు మిరపకాయలు ఎర్రటి దుప్పట్లలా పరుచుకుంటాయి. ఆ ఘాటుకు రోడ్డు మీద బస్సులో వెళ్లేవాళ్లు కూడా తుమ్ముతారు.

రైలు మాత్రం ఇటు రాలేదు. ఓ దిక్కున ఖమ్మం స్టేషన్. మరో దిక్కున కొత్తగూడెం. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా కొత్తగూడెం వెళ్లే లైను ప్రధానంగా సింగరేణి బొగ్గును మోసే లైను. దాని మీద ఉన్న ఓ స్టేషన్ పేరు 'భద్రాచలం రోడ్'. రాముడి దర్శనానికి వచ్చి, దిగగానే గోదావరి కనిపిస్తుందనుకునేవాళ్లు అక్కడ కంగు తింటారు. స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. భద్రాచలం చేరాలంటే మళ్లీ బస్సెక్కాల్సిందే!

అందుకే ఏన్కూరు వాళ్ల జీవితం బస్సు టైముల చుట్టూ తిరుగుతుంది. పొద్దుటి బస్సు కాలేజీ పిల్లలది. ఆ తర్వాతది ఆసుపత్రికీ, ఆఫీసులకీ వెళ్లేవాళ్లది. ఫలానా బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడో ఊళ్లో అందరికీ నోటికొచ్చు. అలా టైముకు కట్టుబడి పెరిగిన పిల్లలు హైదరాబాద్ వెళ్లి, రెండు మూడు నిమిషాలకో రైలున్న చోట కూడా టైము చూసుకునే బతకాల్సి వస్తోంది. అదే చిత్రం.

ఎల్బీనగర్‌లో దిగితే...

ఖమ్మం, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులు హైదరాబాద్‌లో అడుగుపెట్టేది ఎల్బీనగర్ దగ్గరే. తెల్లారకముందే బస్సు దిగినవాళ్లు సంచులు పట్టుకుని మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడటం అక్కడ రోజూ కనిపించే దృశ్యం. మొదటి రైలు ఆరింటికి. అప్పటిదాకా కింద టీ బండే దిక్కు.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు 28న మొదలైంది. తొలుత మియాపూర్ నుంచి నాగోల్ దాకా 30 కిలోమీటర్లు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట - ఎల్బీనగర్ మార్గం తెరుచుకుంది. 2019 మార్చిలో హైటెక్‌సిటీకీ, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికీ రైలు చేరింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ - ఎంజీబీఎస్ మార్గంతో మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లయ్యాయి.

ఖమ్మం జిల్లా వాళ్లకు ఇందులో బాగా కలిసొచ్చింది ఎల్బీనగర్ లైనే. బస్సు దిగేదీ అక్కడే, హాస్టళ్లు ఉండేదీ ఆ పక్కనే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురిలలో. ఒకప్పుడు పోటీ పరీక్షల కోచింగ్ కోసం వచ్చినవాళ్లతో నిండిన ఆ హాస్టళ్లలో ఇప్పుడు మాదాపూర్ వైపు ఉద్యోగాలు చేసేవాళ్లూ ఉంటున్నారు. ఆఫీసు దగ్గర గది తీసుకోవచ్చుగా అంటే... అద్దె చూడాలి కదా! పైగా శనివారం సాయంత్రం ఊరి బస్సు ఎక్కాలంటే ఎల్బీనగర్ దగ్గరుంటేనే సుఖం. అందుకని దిల్‌సుఖ్‌నగర్‌లో పడుకుని రాయదుర్గంలో పనిచేయడమే వాళ్ల లెక్క. మధ్యలో అమీర్‌పేటలో రైలు మారాలి. మారడం, ఎదురుచూడటం కలిపి దాదాపు గంట.

తొమ్మిది గంటల బండి

ఆ గంట పొద్దున్నే ఒక రకం, తొమ్మిదింటికి మరో రకం.

ఆరున్నరకు ఎక్కితే కూర్చోవడానికి సీటుంటుంది. కిటికీలోంచి మూసీ కనిపిస్తుంది, అసెంబ్లీ కనిపిస్తుంది. కళ్లు మూసుకుంటే నిద్ర కూడా పడుతుంది. అదే తొమ్మిదింటికి ఎక్కితే కిటికీ కాదు కదా, తన చేతిలో ఉన్న ఫోనే కనిపించదు. భుజానికి ఉన్న బ్యాగు ముందుకు వస్తుంది. అమీర్‌పేటలో జనం మెట్లమీదుగా ఓ ప్రవాహంలా కదులుతారు. పైకి చేరేసరికి నాగోల్ నుంచి సికింద్రాబాద్ మీదుగా వచ్చిన రైలు అప్పటికే నిండి ఉంటుంది. ఒకటి వదిలేసి రెండోది ఎక్కుదామనుకుంటే అదీ అలాగే!

ఒక్కో రైలుకు ఉన్నవి మూడు బోగీలు. కిక్కిరిస్తే వెయ్యి మంది దాకా పడతారు. 2023 జూలైలో ఒక్కరోజు ప్రయాణికులు 5 లక్షలు దాటారు. ఆ 5 లక్షలూ రోజంతా సమంగా వస్తే ఏ తంటా లేదు. కానీ పొద్దున ఓ రెండు గంటలు, సాయంత్రం ఓ రెండు మూడు గంటల్లోనే సగం ఊరు కదులుతుంది. మధ్యాహ్నం అదే రైల్లో కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు.

బోగీలు పెంచమన్నది ప్రయాణికుల పాత డిమాండే. నడిపేవాళ్ల ఇబ్బంది వేరు. రెండు గంటల రద్దీ కోసం కొన్న బోగీ మిగతా రోజంతా ఉప్పల్‌లోనో, మియాపూర్‌లోనో డిపోలో నిలబడి ఉంటుంది. దాని వడ్డీ మాత్రం నిలబడదు. అందుకే ప్రపంచంలో ఏ మెట్రో అయినా మొదట చేసే ఆలోచన ఒకటే. తొమ్మిదింటి జనంలో కొందర్ని ఏడింటికి తేలేమా?

దీన్ని మొదట గట్టిగా చెప్పిన ఆర్థికవేత్త విలియం విక్రీ. న్యూయార్క్ సబ్‌వేలో రద్దీ వేళ ఎక్కువ, ఖాళీ వేళ తక్కువ చార్జీ ఉండాలని 1950ల్లోనే సూచించాడు. అప్పట్లో ఎవరూ చెవిన పెట్టలేదు. 1996లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. ఆ ప్రకటన వచ్చిన మూడు రోజులకే ఆయన కన్నుమూశాడు. ఆలోచన మాత్రం దేశదేశాల్లో టిక్కెట్ల మీదికెక్కింది.

పది శాతం లెక్క

హైదరాబాద్‌లో అది 2023 ఏప్రిల్‌లో వచ్చింది. అంతకుముందు స్మార్ట్ కార్డు వాడేవాళ్లకు రోజంతా పది శాతం రాయితీ ఉండేది. ఆ నెల నుంచి దాన్ని పొద్దున ఆరు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు వరకే పరిమితం చేశారు. అంటే ప్రయాణికుల కళ్లతో చూస్తే పొద్దున్నే వచ్చేవాళ్లకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు. తొమ్మిదింటికి వచ్చేవాళ్ల నుంచి తీసేసుకున్నారంతే!

లెక్క వేద్దాం. టిక్కెట్టు 50 రూపాయలనుకుంటే పది శాతం అంటే ఐదు రూపాయలు. వెళ్లేటప్పుడు ఐదు, వచ్చేటప్పుడు ఐదు. నెలకు 25 రోజులు పనిచేస్తే 250 రూపాయలు. తక్కువేం కాదు, ఊరికి వెళ్లే బస్సు చార్జీలో మంచి భాగం వచ్చేస్తుంది. కానీ ఆ రెండు ఐదులూ దక్కాలంటే ఎనిమిదిలోపు రైలెక్కాలి, మళ్లీ రాత్రి ఎనిమిది తర్వాతే తిరుగు రైలెక్కాలి. పన్నెండు గంటలు బయటే! ఆఫీసు ఉన్నది తొమ్మిది గంటలు. మిగతా మూడు గంటలు ఎక్కడ కూర్చోవాలి? కూర్చున్నచోట ఓ టీ తాగితే ఐదు రూపాయలు ఎగిరిపోవూ!

ఏన్కూరు అమ్మాయి ఈ లెక్క వారం రోజులు చేసి చూసింది. ఐదున్నరకు లేచి, ఆరున్నర రైలెక్కి, ఏడున్నరకే ఆఫీసు చేరింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను లోపలికి పంపాడు కానీ, తొమ్మిదిన్నర షిఫ్టు తొమ్మిదిన్నరకే మొదలు. సాయంత్రం వదిలేది కూడా షిఫ్టు టైముకే. హాస్టల్లో టిఫిన్ ఏడున్నరకు పెడతారు కాబట్టి అదీ పాయె. బయట ఇడ్లీ తింటే పది శాతం రాయితీ చట్నీకి కూడా చాలలేదు.

''ఇంత పొద్దున్నే పోయి ఏం చేస్తున్నావమ్మా?'' ఫోన్లో తండ్రి ప్రశ్న.

''ఐదు రూపాయలు మిగులుద్ది నాన్నా.''

అవతలివైపు కాసేపు మాట లేదు. తర్వాత ఆయన అన్నాడు. ''ఐదు రూపాయలకి నిద్ర అమ్ముకోబాకు బిడ్డా. ఆ బేరం మేం చేసి చూసినం.''

ఆ బేరం ఏన్కూరుకు కొత్తా?

ఆయన అన్నది ఉత్త మాట కాదు. రద్దీని జరపడం అంటే ఏమిటో పట్నం కన్నా ముందే పల్లెకు తెలుసు.

వ్యవసాయానికి రోజులో కొన్ని గంటలే త్రీఫేజ్ కరెంటు వచ్చిన రోజులు గుర్తున్నాయి కదా! అందరి మోటార్లూ ఒక్కసారి ఆన్ చేస్తే సబ్‌స్టేషన్ తట్టుకోదని ఊళ్లను గ్రూపులుగా విడదీసేవాళ్లు. ఒక గ్రూపుకు పగలు, ఇంకో గ్రూపుకు రాత్రి. కరెంటు ఉచితమే, నిద్రే ఖరీదు. రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని చేనుకు వెళ్లి మోటారు వేసేవాడు. చీకట్లో పాము కాటుకు, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుని షాకుకు బలైనవాళ్లు తెలుగునాట ఎందరో. ఆ పాట్లు పడలేక రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. హాయే! కానీ అందరూ అదే పనిచేయడంతో కరెంటు వచ్చిన క్షణాన అన్ని మోటార్లూ ఒక్కసారే గర్జించేవి. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఒక్కసారిగా పడేది. సరిగ్గా తొమ్మిదింటి అమీర్‌పేటలాగే!

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తామన్నప్పుడు, ప్రభుత్వం రైతులను మొదట కోరిందేమిటో తెలుసా... ఆటో స్టార్టర్లు తీసేయమని! ఎప్పుడైనా వస్తుందన్న నమ్మకం ఉంటే అందరూ ఒక్కసారే వేసుకోనక్కర్లేదు కదా.

ఏన్కూరుకు ఆ పక్కన వైరా, తల్లాడ వైపు వెళ్తే సాగర్ ఎడమ కాల్వ. నీళ్లు తక్కువైన ఏడాది అక్కడ వినిపించే మాట 'వారబందీ'. వంతులవారీగా కొన్ని రోజులు ఈ మేజర్‌కు, కొన్ని రోజులు ఆ మేజర్‌కు. కాగితం మీద అందరికీ సమానమే. కానీ కాల్వ మొదట్లో ఉన్న రైతుకు వంతు తప్పినా ఊట ఉంటుంది. చివర ఉన్న రైతు తన వంతు నాడు రాత్రంతా తూము దగ్గర కాపలా కాయాలి. సీతారామ ఎత్తిపోతల నుంచి సాగర్ కాల్వకు గోదావరి నీళ్లు కలిపే లింకు కాల్వకు ఏన్కూరు పేరే పెట్టారు. ఆ కాల్వ మీద చివరి భూముల రైతుల ఆశలు ఎందుకంత గట్టివో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇటు కొత్తగూడెం వెళ్తే సింగరేణి. మూడు షిఫ్టులు. పట్టణం మొత్తం ఒకేసారి రోడ్డు మీదికి రాదు. ఒకరు గనిలోకి దిగేవేళకు ఇంకొకరు పైకొస్తారు. అక్కడ టైము మార్చేది కార్మికుడు కాదు, కంపెనీ. మార్చినందుకు ఇంటి భోజనం వేళల నుంచి బజారు వేళల దాకా ఊరే సర్దుకుంది.

ఇక మిర్చి యార్డు. సెలవుల తర్వాత ఖమ్మం యార్డు తెరిచిన రోజున బస్తాలు పెట్టడానికి జాగా ఉండదు. విడతలవారీగా తెండి బాబూ అంటారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోగలిగినవాడు ఆగుతాడు. అప్పు తీర్చాల్సినవాడు ఆగలేడు. ధర పడినా ఆ రోజే అమ్ముతాడు.

కరెంటైనా, నీళ్లైనా, మిర్చైనా, మెట్రో అయినా... రద్దీని జరిపినప్పుడు ఎవరు జరుగుతారన్నది వాళ్ల ఇష్టాన్ని బట్టి కాదు, వాళ్ల వెసులుబాటును బట్టి ఉంటుంది.

అలవాట్లు ఎలా మారాయంటే...

పది శాతం కోసం మారినవాళ్లు లేరని కాదు. టైము తమ చేతిలో ఉన్నవాళ్లు మారారు. ఎనిమిదికి రెండు నిమిషాల ముందు గేటు దగ్గర కార్డు తాకించాలని మెట్లు పరుగున ఎక్కేవాళ్లు తయారయ్యారు. ఎటూ ఏడింటికే వెళ్లే హౌస్‌కీపింగ్ పనివాళ్లకు, ఆసుపత్రి సిబ్బందికి రాయితీ దానంతటదే దక్కింది. వాళ్లను ఎవరూ జరపలేదు, వాళ్లు ముందునుంచీ అక్కడే ఉన్నారు. కాకపోతే అందులో చాలామంది చేతిలో ఉండేది కాగితపు టిక్కెట్టే. కార్డు లేదు కాబట్టి రాయితీ లేదు!

టైము మార్చుకోలేనివాళ్లు ఇంకేవో మార్చుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కాల్సినవాళ్లు ఓ స్టేషన్ వెనక్కి వెళ్లి ఎల్బీనగర్ వైపు నుంచే ఎక్కుతారు, సీటు కోసం. అమీర్‌పేటలో మెట్లకు దగ్గరగా ఆగేది ఏ తలుపో కంఠతా పట్టి, ప్లాట్‌ఫాం మీద సరిగ్గా అక్కడే నిలబడతారు. రద్దీ వేళ అమీర్‌పేట నుంచే ఖాళీగా మొదలయ్యే రైలు నడిపినప్పుడు, దాని కోసం నిండిన రైళ్లు రెండు వదిలేయడానికైనా సిద్ధం. ఇవి ఏ పథకంలోనూ రాసి ఉండవు. ఏన్కూరు సెంటర్లో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసుకుని, అక్కడే సంచి పెట్టుకున్న బుద్ధే ఇది.

ఖాళీ వేళలను నింపే పథకాలు మాత్రం జనానికి బాగా నచ్చాయి. 2022లో సెలవు రోజుల్లో రోజంతా తిరిగేందుకు 59 రూపాయల ఆఫర్ పెట్టారు. తర్వాతి ఏడాది అది 99 అయింది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మెట్రో ఎక్కించి చివరిదాకా తిప్పి తీసుకురావడం అప్పట్లో ఓ సరదా. 2023 జూలైలో విద్యార్థులకు 20 ట్రిప్పుల డబ్బుతో 30 ట్రిప్పుల పాసు వచ్చింది. సెలవు నాడు ఎప్పుడు వెళ్లినా అడిగేవాడుండడు కదా! జనం టైము జనం చేతిలో ఉన్నప్పుడు చిన్న రాయితీ కూడా పనిచేస్తుంది. టైము ఇంకొకరి చేతిలో ఉంటే పెద్ద రాయితీ కూడా చేతకాదు.

సింగపూర్‌లోనూ అంతే!

ఈ తిప్పలు హైదరాబాద్‌వే కాదు. సింగపూర్ 2013 జూన్‌లో ఏకంగా ఉచితమే ఇచ్చింది. పొద్దున 7.45లోపు నగరం నడిబొడ్డున ఉన్న స్టేషన్లలో దిగితే ఒక్క సెంటు కూడా ఇవ్వక్కర్లేదు. నాలుగున్నరేళ్లు నడిపారు. రద్దీ వేళ నుంచి ముందుకు జరిగినవాళ్లు దాదాపు 7 శాతం. ఉచితంగా ఇచ్చినా అంతే! 2017 చివర్లో ఉచితం ఆపేసి, 7.45లోపు రైలెక్కేవాళ్లకు అన్ని స్టేషన్లలోనూ 50 సెంట్ల దాకా తగ్గింపు ఇవ్వడం మొదలెట్టారు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ 2008లో ఏడింటిలోపు ప్రయాణం ఉచితమంది. వాడుకున్నవాళ్లను గమనిస్తే నాలుగో వంతు కన్నా తక్కువ మందే నిజంగా టైము మార్చుకున్నవాళ్లు. మిగతావాళ్లు ఎటూ ఆ వేళకే వచ్చేవాళ్లు. అయితే ఆ కొద్దిమంది జరగడమే కొన్ని రైళ్లు కొనే ఖర్చును తప్పించిందన్నది లెక్క. మరీ తీసిపారేయాల్సిన ఆలోచనేమీ కాదన్నమాట.

రైల్లోకి జనాన్ని నెట్టడానికి మనుషుల్ని పెట్టుకున్న టోక్యో 2017లో వేరే దారి పట్టింది. ప్రయాణికుల కన్నా ముందు కంపెనీలను పిలిచి, ఆఫీసు వేళలు మార్చమంది. 2023లో అక్కడి రైల్వే కంపెనీ ఒకటి రద్దీ వేళ తప్ప మిగతా వేళల్లో చవగ్గా తిరిగే నెలవారీ పాసు తెచ్చింది. అదే ఏడాది ముంబైలో సెంట్రల్ రైల్వే వందలాది కార్యాలయాలకు లేఖలు రాసింది. టిక్కెట్టు కొనేవాడిని కాదు, హాజరు పట్టీ రాసేవాడిని అడగాలని అందరికీ ఆలస్యంగానైనా అర్థమవుతోంది.

ఢిల్లీ మెట్రోలో స్మార్ట్ కార్డు ఉన్నవాళ్లకు పొద్దున ఎనిమిదిలోపే కాదు, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా, రాత్రి తొమ్మిది తర్వాత కూడా అదనపు రాయితీ ఉంది. ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఆసుపత్రి పనీ, బజారు పనీ మధ్యాహ్నానికి పెట్టుకునేందుకు అది వీలిచ్చింది.

ఒక్క వాన చెప్పిన పాఠం

హైదరాబాద్‌లో ఆఫీసు వేళలు కదిలితే ఎలా ఉంటుందో ఓసారి తెలిసొచ్చింది. 2023 జూలై చివర్లో కుండపోత వానలు. ఐటీ కారిడార్‌లో అందరూ ఒకేసారి రోడ్డెక్కితే గల్లంతేనని సైబరాబాద్ పోలీసులు కంపెనీలను ఉద్యోగులను దశలవారీగా వదలమన్నారు. ఒక ప్రాంతం ఆఫీసులు మూడింటికి, ఇంకో ప్రాంతం నాలుగున్నరకు... ఇలా. ఉద్యోగికి రూపాయి రాయితీ ఇవ్వలేదు. పై నుంచి ఓ మాట వచ్చిందంతే.

ఏన్కూరు అమ్మాయి ఆ రోజు మూడింటికే రాయదుర్గంలో రైలెక్కింది. సీటు దొరికింది. దుర్గం చెరువు మీద వాన పడుతుంటే కిటికీలోంచి చూస్తూ ఊరికి ఫోన్ చేసింది. మామూలుగా ఆ ఫోన్ రాత్రి తొమ్మిదిన్నరకు. అప్పటికి తండ్రి సగం నిద్రలో ఉంటాడు. తల్లి 'తిన్నావా' అని అడిగి పెట్టేస్తుంది. ఆ రోజు గంటసేపు మాట్లాడుకున్నారు. పత్తి చేను గురించి, నీళ్లు నిలిచిన మిరప నారు గురించి, తమ్ముడి ఫీజు గురించి.

ఆ ఏడాది డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దాంతో లెక్క మళ్లీ మారింది. బస్సులో వెళ్తే రూపాయి ఖర్చు లేదు, ట్రాఫిక్‌లో మాత్రం గంటలకు గంటలు. మెట్రోలో వెళ్తే డబ్బు, టైము మిగులు. జీతం పడిన వారం మెట్రో, నెలాఖరు వారం బస్సు అన్నది హాస్టల్ గదుల్లో కొత్త అలవాటు. 2025 మే 17న మెట్రో చార్జీలు పెరిగి కనిష్ఠం 12, గరిష్ఠం 75 రూపాయలయ్యాయి. విమర్శలొచ్చాక 24 నుంచి పది శాతం తగ్గించడంతో 11 నుంచి 69కి దిగాయి. ఈ పది శాతానికి వేళతో పనిలేదు. తొమ్మిదింటికి నలుగుతూ వెళ్లినా అంతే, ఆరింటికి నిద్రపోతూ వెళ్లినా అంతే.

అడిగితే పోయేదేముంది?

వానరోజు ప్రయాణం ఆ అమ్మాయి మనసులోంచి పోలేదు. ఓ రోజు ధైర్యం చేసి టీమ్ లీడర్‌ను అడిగింది. ''సార్, నేను ఏడున్నరకే వచ్చి నాలుగున్నరకు వెళ్తాను. పని ఎక్కడా ఆగదు.'' మొదట కుదరదన్నాడు. తర్వాత ఓ నెల చూద్దామన్నాడు. ఆ నెల ఇంకా నడుస్తూనే ఉంది. టిఫిన్ సంగతి? హాస్టల్ వంటామెతో మాట్లాడుకుని ముందురోజు రాత్రే రెండు చపాతీలు కట్టించుకుంటోంది. ఆమెతోపాటు అదే వేళకు వెళ్లేవాళ్లు ఆ అంతస్తులో ఇప్పుడు నలుగురు.

ఆరున్నర రైలు ఆమెకు ఇప్పుడూ ఆరున్నర రైలే. అప్పుడు ఐదు రూపాయల కోసం మూడు గంటలు పోయేవి. ఇప్పుడు రాయితీ సంగతి పట్టించుకోకపోయినా సాయంత్రం తిరిగొచ్చింది. ఐదున్నరకల్లా దిల్‌సుఖ్‌నగర్. దీపాలు పెట్టే వేళకు ఊరికి ఫోన్.

బస్సు హారన్ మోగింది. జూలూరుపాడు వైపు నుంచి రెండు దీపాలు దగ్గరకొస్తున్నాయి. తండ్రి లేచి సంచులు భుజాన వేసుకున్నాడు.

''చేరగానే ఫోన్ చెయ్యమ్మా.''

''తెల్లవారుజామున నిద్ర చెడుద్ది నాన్నా. పొద్దున ఆఫీసుకు పోతూ చేస్తాలే.''

''పర్లేదు చెయ్యి. నాలుగింటికి లేచే అలవాటు కరెంటు మాన్పించింది గానీ, నాకింకా పోలేదు.''

బస్సు ఎక్కింది. తలుపు పక్క సీటు. తల్లాడ దాటేలోపే కళ్లు మూతలు పడ్డాయి. ఎల్బీనగర్‌లో మొదటి రైలు ఆరింటికి.